సెటిల్‌మెంట్ కంపెనీకి సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 62 వేలు. మూడు క్రెడిట్ కార్డుల మీద 4 లక్షలు, రెండు పర్సనల్ లోన్ల మీద 5 లక్షలు, మొత్తం 9 లక్షల బాకీ. ఈఎంఐలు, కార్డుల కనీస చెల్లింపులు కలిపి నెలకు 41 వేలు పోతున్నాయి. ఇప్పటిదాకా ఒక్క వాయిదా కూడా తప్పలేదు గానీ, వచ్చే నెల నుంచి గడవదని మీకే అర్థమవుతోంది. ఈలోగా ఒక డెట్ సెటిల్‌మెంట్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "ఈఎంఐలు ఆపేయండి, మిగతాది మేం చూసుకుంటాం, సగం మాఫీ చేయిస్తాం" అన్నారు. రిజిస్ట్రేషన్‌కు 12 వేలు, నెలనెలా 6,500, సెటిలయ్యాక మీకు తగ్గిన సొమ్ములో 15 శాతం, వీటన్నిటి మీదా జీఎస్టీ. చేరమంటారా అని అడిగారు.

ఇప్పుడున్న పరిస్థితిలో చేరొద్దు. ఇదే నా సమాధానం. అయితే మీలాంటి ఫోన్లు చాలామందికి వస్తున్నాయి, వాళ్లలో కొందరికి సెటిల్‌మెంట్ తప్ప దారి ఉండకపోవచ్చు. అందుకే కంపెనీని ఎలా తూకం వేయాలో వివరంగా రాస్తున్నాను. నేను బ్యాంకులో రికవరీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే బాకీలో కొంత వదులుకుని మిగతాది కట్టించుకుని ఖాతా ముగించడం) ప్రతిపాదనలు చూడటమే అక్కడ నా పని. ఇప్పుడు లోక్ అదాలత్‌కు వచ్చే బాకీదారులకు కాగితాల విషయంలో సాయం చేస్తుంటాను.

ముందుగా ఒక్క విషయం స్పష్టంగా తెలుసుకోండి. సెటిల్‌మెంట్ ఇచ్చేది బ్యాంకు. దాన్ని కుదిర్చేది మీ చేతిలో ఉన్న రొక్కం. మధ్యలో కంపెనీ చేసేది ఉత్తరాలు రాయడం, ఫోన్లు చేయడం మాత్రమే.

రిజర్వ్ బ్యాంకు 2023 జూన్ 8న రాజీ పరిష్కారాల మీద ఒక విధానం ఇచ్చింది. దాని ప్రకారం ప్రతి బ్యాంకుకూ, ఎన్‌బీఎఫ్‌సీకీ (బ్యాంకు కాకుండా అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీకీ) బోర్డు ఆమోదించిన సొంత పాలసీ ఉండాలి. ఎంత తగ్గించవచ్చు, ఏ స్థాయి అధికారి ఒప్పుకోవచ్చు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. బాకీ ఎన్నాళ్లుగా ఆగింది, అమ్ముకోదగ్గ ఆస్తి ఏమైనా ఉందా, ఉద్యోగం నిజంగానే పోయిందా, ఇంట్లో జబ్బులున్నాయా, ఇప్పుడు ఒకేసారి ఎంత కట్టగలరు, మేం చూసేవి ఇవే. కంపెనీ నుంచి ఆథరైజేషన్ లెటర్‌తో మెయిల్ వచ్చినా, మేం ఫోన్ చేసేది కస్టమర్‌కే. అడిగేది కూడా ఒకటే: "ఎంత సర్దగలరు, ఎప్పటిలోగా?" దీనికి జవాబు లేని ఫైలు ముందుకు కదలదు. జవాబు ఉన్న ఫైలు మధ్యవర్తి లేకపోయినా కదులుతుంది.

అలాగని ఈ కంపెనీలన్నీ మోసమని అనను. రికవరీ ఏజెంటు ఫోన్ మోగితేనే వణికిపోయేవాళ్లుంటారు. ఏడెనిమిది చోట్ల అప్పులుండి ఎవరికి ఏం రాయాలో తెలియనివాళ్లుంటారు. వాళ్ల తరఫున ఓపిగ్గా మాట్లాడి, వచ్చిన ఆఫర్లను పోల్చి చెప్పేవాళ్లుంటే అది నిజమైన సేవే. ఆ సేవకు ఎంత తీసుకుంటున్నారు, ఎప్పుడు తీసుకుంటున్నారు అన్నదే చూడాలి.

ఇక మీ లెక్క చూద్దాం. కాగితం మీద వేసుకోండి.

కంపెనీ చెప్పినట్టు ఎనిమిది నెలలు కట్టడం ఆపేశారనుకుందాం. కార్డుల మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే, 4 లక్షలు ఎనిమిది నెలల్లో సుమారు 5.27 లక్షలవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రతి నెలా లేట్ ఫీజు కలిస్తే ఐదున్నర లక్షలు దాటుతుంది. పర్సనల్ లోన్ల 5 లక్షలకు ఏడాదికి 16 శాతం వేసుకున్నా మరో 53 వేలు కలుస్తుంది. అంటే మీ 9 లక్షలు అప్పటికి 11 లక్షలు. కంపెనీ చెప్పే "సగం మాఫీ" ఈ 11 లక్షల మీద, ఇవాళ్టి 9 లక్షల మీద కాదు. ఆ మాట ఫోన్లో మాత్రం చెప్పరు.

సరే, నిజంగానే సగం తగ్గించారనుకుందాం. బ్యాంకులకు 5.5 లక్షలు కట్టాలి. కంపెనీకి రిజిస్ట్రేషన్, ఎనిమిది నెలల ఫీజు కలిపి 64 వేలు. తగ్గిన 5.5 లక్షల్లో 15 శాతం అంటే 82,500. జీఎస్టీతో కలిపి దాదాపు 1.73 లక్షలు. మొత్తం మీ జేబులోంచి పోయేది 7.23 లక్షలు. ఇవాళ్టి బాకీతో పోలిస్తే మిగిలేది లక్షా 77 వేలు, అంటే 20 శాతం లోపే.

ఇంకో లెక్క కూడా వేయండి. జీతం వస్తున్న మనిషికి సగం తగ్గించడానికి బ్యాంకు తొందరపడదు. 30 శాతమే తగ్గించిందనుకుందాం. అప్పుడు బ్యాంకులకు 7.7 లక్షలు, కంపెనీకి జీఎస్టీతో సుమారు 1.34 లక్షలు. మొత్తం 9 లక్షల 4 వేలు. ఇవాళ ఉన్న బాకీ కంటే ఎక్కువే కట్టి, పైగా సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్టులో) "సెటిల్డ్", అంటే పూర్తిగా కట్టలేదని రాయించుకున్నట్టవుతుంది. అసలుకే ఎసరు అంటే ఇదే.

ఏ కంపెనీతో మాట్లాడినా ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి. 50 శాతం కుదిరితే ఎంత, 30 శాతం కుదిరితే ఎంత, అసలు ఒక్కటీ కుదరకపోతే నా డబ్బు ఎంత పోతుంది అని మెయిల్‌లో అడగండి. రాతపూర్వకంగా జవాబిచ్చే కంపెనీతోనే తర్వాతి మాట.

ఫీజు ఎప్పుడు తీసుకుంటారన్నది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పరీక్ష. అమెరికాలో 2010లో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఒక నిబంధన తెచ్చింది. ఫోన్ ద్వారా ఈ సేవలు అమ్మే కంపెనీలు కనీసం ఒక బాకీ సెటిలై, దానికి కనీసం ఒక చెల్లింపు జరిగేదాకా ఆ బాకీకి ఫీజు తీసుకోకూడదు. అక్కడున్న మనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందుగా డబ్బు అడిగిన కంపెనీకి అక్కడే నమస్కారం పెట్టేయండి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కాబట్టి ఆ షరతును మీరే ఒప్పందంలో రాయించుకోవాలి: బ్యాంకు సెటిల్‌మెంట్ లెటర్ ఇచ్చి, నేను బ్యాంకుకు కట్టిన తర్వాతే, ఆ ఒక్క ఖాతాకే ఫీజు. నెలవారీ ఫీజు మీద బతికే కంపెనీకి మీ పని త్వరగా పూర్తి కావాల్సిన అవసరం ఉండదు. అందుకే నేను ఆ పద్ధతికే వ్యతిరేకం.

"మాకు ఆర్‌బీఐ అనుమతి ఉంది" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఆర్‌బీఐ బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు లైసెన్సులిస్తుంది. బాకీదారు తరఫున బేరమాడే కంపెనీలకు అలాంటి లైసెన్సు అంటూ లేదు. దీనివల్ల ఇంకో చిక్కుంది. బ్యాంకు మీద కోపమొస్తే ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ కంపెనీ మోసం చేస్తే అక్కడ ఫిర్యాదు తీసుకోరు. వినియోగదారుల కమిషన్‌కో పోలీసుల దగ్గరకో వెళ్లాల్సిందే. ఒప్పందంలో "వివాదాలన్నీ ఫలానా ఊళ్లో ఆర్బిట్రేషన్‌కే" (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) అని ఉన్నా భయపడకండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. సలహాకు 1915 హెల్ప్‌లైన్ ఉంది.

కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చూడటానికి పది నిమిషాలు చాలు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎప్పుడు రిజిస్టరైంది, చిరునామా ఏది, మూలధనం ఎంత అన్నవి కనిపిస్తాయి. "పదేళ్ల అనుభవం" అని చెప్పుకునేది నిరుడే పుట్టి ఉండొచ్చు. జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్లో కొట్టి, అదే పేరు వస్తోందో లేదో చూడండి. డబ్బు కట్టమన్న ఖాతా కంపెనీ పేరు మీద కాకుండా ఎవరో వ్యక్తి యూపీఐకి వెళ్తోందంటే ఇక ఆలోచించేదేమీ లేదు.

"మా లాయర్లు చూసుకుంటారు" అంటారు కదా, ఏ లాయరు అని అడగండి. పేరు, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు, రేపు చెక్ బౌన్స్ కేసు పడితే కోర్టుకు వచ్చేది ఆయనేనా, దానికి ఫీజు ఇందులోనే ఉందా, వేరేనా? లోక్ అదాలత్‌కు వచ్చిన ఒక నర్సు ఒప్పందం నేను స్వయంగా చదివాను. మొత్తం ఇంగ్లీషులో పదకొండు పేజీలు. కరపత్రంలో "పూర్తి న్యాయ రక్షణ" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఒప్పందం ఏడో పేజీలో మాత్రం కంపెనీ సలహా మాత్రమే ఇస్తుందని, కోర్టులో హాజరు తమ బాధ్యత కాదని, ఫలితానికి హామీ లేదని, కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగివ్వబోమని ఉంది. ఇంకో వాక్యం మరీ ఘోరం. కంపెనీ తెచ్చిన ఆఫర్‌ను కస్టమర్ కాదన్నా, ఆ ఆఫర్ మీద సక్సెస్ ఫీజు కట్టాల్సిందేనట. అంటే బ్యాంకు 10 శాతం తగ్గిస్తానని ఒక్క మెయిల్ పెట్టినా చాలు, కంపెనీ పని అయిపోయినట్టే. ఆవిడ నెలనెలా కడుతూనే వచ్చారు. బ్యాంకు ఫైల్లో ఆ కంపెనీ నుంచి ఉన్నది ఒకే ఒక మెయిల్, అందులో లోన్ ఖాతా నంబరు కూడా తప్పే. మీకు పంపిన ఒప్పందంలో రీఫండ్, సక్సెస్ ఫీజు, రద్దు చేసుకునే హక్కు, ఈ మూడు చోట్ల ఏం రాసిందో అక్షరం వదలకుండా చదవండి. ఇంగ్లీషు కష్టమైతే చదివి చెప్పేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

సెటిల్‌మెంట్ కోసం దాచుకునే డబ్బును ఎవరి ఖాతాలోనూ వేయకండి. "ఫండ్ పోగు చేద్దాం, మా ఎస్క్రోలో (మూడో మనిషి దగ్గర ఉంచే ఖాతాలో) నెలనెలా వేయండి" అంటారు. ఆ సొమ్ము మీ పేరు మీదే, మీరు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉండాలి. ఓటీపీలు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఫోన్ కాల్స్ వాళ్ల నంబరుకు మళ్లించడం, ఇవేవీ ఒప్పుకోవద్దు. కాల్స్ మళ్లిస్తే బ్యాంకు ఇచ్చే ఆఫర్లు, కోర్టు కబుర్లు కూడా మీకు అందవు.

ఇక "ఈఎంఐలు ఆపేయండి" అన్న సలహా. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎన్‌ఏసీహెచ్ (మీరిచ్చిన అనుమతితో ఖాతాలోంచి దానంతటదే కోసుకునే పద్ధతి) ద్వారా కట్ అయ్యే వాయిదా ఖాతాలో డబ్బు లేక వెనక్కొస్తే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. చెక్ బౌన్సుకు సెక్షన్ 138 ఎలాగో ఇదీ అలాగే. రెండేళ్ల దాకా జైలు, లేదా రెట్టింపు సొమ్ము దాకా జరిమానా, లేదా రెండూ. ముందు నోటీసు వస్తుంది, అందిన 15 రోజుల్లో కడితే కేసు ఉండదు. ఆ నోటీసును "మాకు వాట్సాప్‌లో పెట్టేయండి" అని చెప్పి కంపెనీ కూర్చుంటే, నష్టపోయేది మీరు. కేసు మీ పేరు మీద పడుతుంది.

మీ జీతం పడే ఖాతా, కార్డు ఒకే బ్యాంకులో ఉన్నాయా? ఉంటే ఆ బ్యాంకు మీ జీతం మీద లీన్ పెట్టే, అంటే డబ్బు తీయనివ్వకుండా ఆపే, ప్రమాదముంది. వాయిదా ఆగి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. లోన్‌లో కో-అప్లికెంట్‌గా మీ ఆవిడ పేరుందా, హామీదారుగా స్నేహితుడున్నాడా? అలా ఉంటే వాళ్ల క్రెడిట్ చరిత్ర కూడా మీతోపాటే దెబ్బతింటుంది. వాళ్లకు చెప్పకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. సెటిల్‌మెంట్ చేసుకున్నాక ఆ బ్యాంకు కనీసం 12 నెలల పాటు మీకు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 విధానమే చెబుతోంది, ఒక్క వ్యవసాయ రుణాలకు తప్ప. ఆ తర్వాత కూడా "సెటిల్డ్" అన్న ముద్ర ఏళ్ల తరబడి రిపోర్టులో కనిపిస్తూ, రేపు ఇంటి లోన్‌కు అడ్డుపడుతుంది. "సిబిల్ కూడా క్లీన్ చేస్తాం" అనేవాళ్ల మాట నమ్మకండి. తప్పుడు సమాచారాన్ని సరిచేయించవచ్చు. నిజమైనదాన్ని ఎవరూ చెరపలేరు.

మీరు ఏం చేయాలంటే, వాయిదా తప్పకముందే కదలండి. ఇప్పటిదాకా సరిగ్గా కట్టిన చరిత్ర మీకున్న పెద్ద బలం. మంటెక్కువ ఉన్నది కార్డుల దగ్గర. మూడు కార్డుల వాళ్లకూ ఫోన్ చేసి, బాకీని ఈఎంఐగా మార్చమనండి. వడ్డీ నెలకు 3.5 శాతం నుంచి చాలా తగ్గుతుంది. ఇంట్లో బంగారం ఉంటే, దాన్ని బ్యాంకులో పెట్టి ఏడాదికి 10 శాతం అటూఇటూగా వచ్చే డబ్బుతో 42 శాతం వడ్డీ కార్డును మూసేయడం లెక్కకు నిలుస్తుంది. కార్డును మళ్లీ వాడనంటేనే సుమా, లేదంటే బంగారమూ పోయి బాకీ మళ్లీ మొదటికొస్తుంది. పర్సనల్ లోన్ల బ్యాంకులకు కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని మెయిల్ పెట్టండి. అందులో జీతం స్లిప్, నెల ఖర్చుల లెక్క, ఎంత కట్టగలరో కచ్చితమైన అంకె ఉండాలి. "దయచేసి సహకరించండి" అనే ఉత్తరం కంటే "నెలకు 12 వేలు కట్టగలను, ఇవిగో ఆధారాలు" అనే ఉత్తరానికి విలువెక్కువ. జవాబు రాకపోతే ఆ బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు రాయండి.

ఇవేవీ ఫలించక, ఉద్యోగం పోయో మరే కారణం చేతో బాకీలు ఆగిపోయి, సెటిల్‌మెంటే గతి అనుకునే పరిస్థితి వస్తే, అప్పుడూ ముందు మీరే అడగండి. బంధువుల దగ్గర సర్దుకున్నదో, పీఎఫ్ సొమ్మో, ఒకేసారి కట్టగలిగేది ఎంతో తేల్చుకుని, దానికంటే తక్కువ అంకెతో మొదలుపెట్టండి. మార్చి నెలాఖరు దగ్గర పడుతున్నప్పుడు బ్యాంకులు వినే ధోరణిలో ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి తేల్చాలని చూడకండి, చేతిలో డబ్బున్నంత మేరకు ఒక్కొక్కటే ముగించండి.

లోక్ అదాలత్‌ను మరవొద్దు. కేసు కోర్టుకెక్కకముందే, ప్రీ-లిటిగేషన్ దశలోనే మీ బాకీని అక్కడ పెట్టించవచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బ్యాంకు తరఫు అధికారి ఎదురుగా కూర్చుంటాడు, మీరే మాట్లాడతారు. పెద్ద ఇంగ్లీషేమీ అక్కర్లేదు, తెలుగులోనే నడుస్తుంది.

రికవరీ ఫోన్లకు భయపడి కంపెనీలో చేరేవాళ్లే ఎక్కువ, అందుకే ఇది కూడా చెప్పాలి. బాకీ వసూలుకు ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, బంధువుల ముందు, ఆఫీసులో పరువు తీయడం కూడా కుదరదు. అలా చేస్తే తేదీ, టైము, నంబరు రాసుకుని, కాల్ రికార్డు చేసి ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్లో అంబుడ్స్‌మన్‌కు వేయండి. 14448కి ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెబుతారు. దీనికి నెలకు 6,500 ఎవరికీ కట్టక్కర్లేదు.

కంపెనీ ద్వారా అయినా, సొంతంగా అయినా, సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. లెటర్ బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి రావాలి. అందులో మీ పేరు, లోన్ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, గడువు తేదీలు, మిగతా బాకీ వదిలేస్తున్నామన్న మాట, పెట్టిన కేసులుంటే ఉపసంహరించుకుంటామన్న మాట ఉండాలి. నకిలీ లెటర్లు బాగా తిరుగుతున్నాయి. ఆ లెటర్ పట్టుకుని బ్రాంచికి వెళ్లో, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసో నిజమా కాదా అడిగి తెలుసుకోండి. కట్టేది నేరుగా లోన్ ఖాతాలోకే, ఏజెంటు చేతికి కాదు. విడతలుగా కట్టే ఆఫరైతే ఒక్క తేదీ తప్పినా ఒప్పందం రద్దయి, బాకీ మొత్తం మళ్లీ మీద పడే షరతు ఉంటుంది. ఆఖరి విడత దాకా డబ్బు సిద్ధంగా ఉంటేనే మొదటి విడత కట్టండి.

కట్టేశాక నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదన్న పత్రం), ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోండి. ఎన్‌ఏసీహెచ్ మ్యాండేట్ రద్దు చేయించండి. ఆ తర్వాత నెలా రెండు నెలల్లో క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇంకా బాకీ ఉన్నట్టే కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఎప్పటికైనా చేతిలో డబ్బు ఆడి, బ్యాంకు వదిలేసిన మొత్తాన్ని కూడా కట్టేయాలనుకుంటే ఆ బ్యాంకునే అడగండి. చాలా బ్యాంకులు కట్టించుకుని "సెటిల్డ్"ను "క్లోజ్డ్"గా మారుస్తాయి. దానికి వేరుగా ఇంకో లెటర్ తీసుకోవాలి.